పద్దులో ఎక్కని కుచ్చు

31వ ఏడు, 204వ రోజు

ఉదయం తూకం. కొర్రలు ఐదు డబ్బాలు, నూకలు ఒక డబ్బా. ఉండాల్సింది 2,310 గ్రాములు. ఉన్నది 2,291. పంతొమ్మిది గ్రాములు తక్కువ.

మా ఇంట్లో ఉన్నవి రెండు పిచ్చుకలు, ఒక జంట. రోజుకు పద్నాలుగు గ్రాములు తింటాయి. నేనే కొలిచి పెడతాను, మిగిలిన పొట్టు కొలిచి తీస్తాను. పంతొమ్మిది గ్రాములు గాలికి కొట్టుకుపోయాయని అనుకోవడానికి లేదు. కొండలోపలి ఈ ఊళ్ళో గాలి కూడా కొలత ప్రకారమే వస్తుంది.

మూడో డబ్బా మూత తీస్తే గింజలు మూతతో పాటు లేచాయి. ఒకదానికొకటి సన్నటి పట్టుపీచుతో అంటుకుని ఉన్నాయి. పీచు లోపల మీగడ రంగు పురుగు ఒకటి, నా చిటికెన గోరంత, తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత తల తిప్పితే గోడ మీద ఒక రెక్కల పురుగు కూర్చుని ఉంది. పైసగం బూడిద రంగు, కింది సగం రాగి రంగు.

ముప్పై ఆరేళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పాను. ముప్పై ఏళ్ళ కింద బయట మట్టి చచ్చి ఊరికి మూత పడ్డాక ప్రాణంతో ఉన్న పురుగును చూడటం ఇదే మొదటిసారి. చేతిలో జల్లెడ ఉండి కూడా కాసేపు కొట్టలేకపోయాను. తర్వాత కొట్టాను.

నిబంధన 17 ప్రకారం, ధాన్యంలో పురుగు కనబడిన రోజే పక్షిశాఖకు చెప్పాలి. వాళ్ళు వచ్చి గదిని అరవై డిగ్రీల దగ్గర ఆరు గంటలు వేడి చేస్తారు. ఒక్క పురుగు కింది అంతస్తుల పంటల్లోకి దిగితే నాలుగు వేల మందికి తిండి ఉండదు. న్యాయమైన నిబంధన. రాసిన సంఘంలో నేనూ ఒకదాన్ని.

కాని గదిలో గూడుంది. గూట్లో నాలుగు గుడ్లున్నాయి. 199 నుంచి 202 దాకా రోజుకొకటి పెట్టింది. వేడి చేస్తే గుడ్లు పోతాయి. గూడు కదిలిస్తే తల్లి మళ్ళీ దాని మీద కూర్చోదు.

ఇది నాలుగో విడత. గత మూడు విడతల్లో పదకొండు పిల్లలు పుట్టాయి. ఒక్కటీ ఐదో రోజు చూడలేదు. రెండేళ్ళ కింద పక్షికేంద్రం నుంచి పంతొమ్మిది జంటలు వచ్చాయి. అక్కడ యంత్రంలో పొదిగి, సూదిగొట్టంతో ముద్ద పట్టి పెంచిన పక్షులివి. పంతొమ్మిది ఇళ్ళలోనూ ఇదే కథ. నాలుగో విడత కూడా పోతే జంటను వెనక్కి తీసుకుంటారు. తీసుకుని ఏం చేస్తారు? వాటికీ వయసు మీరుతోంది. ఇవి ముసలివైతే ఇక పిచ్చుక లేదు.

217న తనిఖీ. అప్పటికి పదమూడు రోజులుంది. ఈలోగా పురుగును నేనే తుడిచిపెడతాను. లేకపోతే తనిఖీ అధికారికి నా నోటితో నేనే చెప్తాను. దాచాననే మాట రాకూడదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

205వ రోజు

ఆరు డబ్బాలూ జల్లించాను. 1, 3, 5 డబ్బాల్లోనూ నూకల్లోనూ పురుగుంది. 2, 4 శుభ్రంగా ఉన్నాయి. మూతలు ఒకటే రకం, ఎందుకిలా అని చూస్తే, ఆ రెంటి మూతల్లో రబ్బరు చుట్టు కొత్తది. మిగతావి ఎండి పగుళ్ళు తీశాయి. రబ్బరు చుట్టుకు ధన్యవాదాలు రాయడం ఈ వయసులో నేర్చుకుంటున్నాను.

మా ఇంటి చలిపెట్టెలో ఒక్క డబ్బా పడుతుంది. గింజ లోపలి గుడ్డు కూడా చావాలంటే నాలుగు రోజులు గడ్డకట్టాలి. ముందు మూడో డబ్బా పెట్టాను. పెరుగు బయటికి తీశాను.

మనవరాలు నీరజ పని నుంచి వచ్చి పెరుగు పులిసిందంది. గాలి గొట్టాలకు వడపోత వలలు మార్చే పని తనది. రోజూ మూత దాకా ఎక్కి దిగుతుంది.

"నువ్వే తెచ్చావు," అన్నాను. "పైకి పోయిన బూట్లతో గదిలోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"జేజీ, నేను బూట్లు గడప బయటే విడుస్తాను. నువ్వే గీత గీశావు కదా, దాని అవతల."

"గీత మీద మడమ పడింది మొన్న."

"మడమలో పురుగులు పెట్టుకుని వస్తానా?"

అన్నం తినకుండా పడుకుంది. నేను తిన్నాను. రాయవలసింది కాబట్టి రాశాను.

209వ రోజు

మూడో డబ్బా బయటికి, ఒకటోది లోపలికి. గోడ మీద కొట్టిన రెక్కల పురుగులు ఇప్పటికి 14. మూలలు తడిగుడ్డతో, అరల సందులు దబ్బనంతో తుడిచాను. సందుల్లో పట్టుగూళ్ళు ఆరు దొరికాయి. అవి కిటికీ వైపు ఎక్కువగా ఉన్నాయి, తలుపు వైపు ఒక్కటీ లేదు.

నీరజ అన్నం ముందు కూర్చుని అంది, "జేజీ, ఈ గదిలోకి వచ్చిన ప్రతి గింజా నీ పద్దులో ఉందా?"

"ప్రతి గింజా."

"కిటికీకి వేలాడేది?"

చెయ్యి కడుక్కుని కిటికీ దగ్గరికి వెళ్ళాను.

141వ రోజున నీరజ అమ్మమ్మ, మా వియ్యపురాలు పుల్లమ్మ, పై మడి నుంచి గేటు దాకా దిగి వచ్చి నాకొక వరి కుచ్చు ఇచ్చింది. ఊరి బయట ఎండలో, ఎవరూ మందు కొట్టకుండా పండిన మొదటి వరి. కంకులు జడలాగా అల్లి, కొసన ముడి వేసింది. పిచ్చుకలకు చూరుకు కట్టే కుచ్చు. బయటి నుంచి ఏ గింజ వచ్చినా గేటు దగ్గర వేడిగదిలో పెట్టాలి. పెడితే కంకి రాలిపోతుంది, ఆకుపచ్చ పోతుంది. కాపలావాడు నన్ను చూసి నమస్కారం పెట్టాడు గాని సంచి చూడలేదు. నేనూ చూపలేదు. మాకు చూరు లేదు కాబట్టి కిటికీ చట్రానికి కట్టాను. పద్దులో రాయలేదు. కుచ్చు అలంకారం కిందికి వస్తుంది, ధాన్యం కిందికి రాదు అని నాకు నేనే చెప్పుకున్నాను.

కుచ్చు విప్పి జల్లెడలో దులిపాను. ఖాళీ పట్టుగూళ్ళు తొమ్మిది. గింజలు మిగలని ఉత్త కుచ్చును మళ్ళీ అక్కడే కట్టాను.

"తప్పు నాది," అని నీరజతో అన్నాను. "నీ బూట్లది కాదు."

"మడమది?"

"మడమది కూడా కాదు."

రేపు ఉదయం నీరజకు బొరుగుల ఉగ్గాని చేస్తాను. నా వంతు పల్లీలు కూడా అందులోనే వేస్తాను.

210వ రోజు

పుల్లమ్మతో మాట్లాడాను. తెరలో ముఖం సగమే కనబడింది, మిగతా సగం ఆకాశం.

"వదినా, నీ కుచ్చులో పురుగులొచ్చాయి."

కోపగించుకుంటుందనుకున్నాను. తెర అవతల కెవ్వుమని అరిచింది. "నిజమా వదినా? రెక్కలుండాయా? ఎగిరినాయా?"

"ఎగిరాయి. పద్నాలుగింటిని కొట్టాను."

"సంపినావా! ముప్పై ఏండ్లు ఈ మట్టికి నీళ్ళు పోసినా, ఒక్క ఈగ గూడ ముఖం సూపించలా. మా గింజలో పురుగు పడిందంటే ఆ మట్టి బతికినట్టే గదా! నువ్వేమో సెప్పుతో కొట్నా అని సెప్తాండావు."

"చెప్పుతో కాదు, జల్లెడతో."

"అబ్బ! సదువుకున్న దెబ్బ."

నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు, కాని తెర ఆర్పాక కూడా ఆ సగం ఆకాశం కళ్ళ ముందు చాలాసేపు ఉంది.

213వ రోజు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు గూడు కింది త్రాసు కదిలింది. గూటిని త్రాసు మీదే పెట్టాను, మొదటి విడత నుంచీ. ముట్టుకోకుండా తెలుస్తుంది. మధ్యాహ్నానికి మూడు గుడ్లు పిగిలాయి, నాలుగోది మురిగింది. పిల్లలు మూడూ కలిసి ఎనిమిది గ్రాములు.

శాఖవారి పోషకముద్ద తెచ్చి గూటి ముందు పళ్ళెంలో పెట్టాను. తల్లి దాన్ని తొక్కుకుంటూ పోయింది. ఎప్పటిలాగే.

ఐదో డబ్బా జల్లించి తీసిన పురుగులు 43. రేపు లెక్క సరిచూసి నీళ్ళలో వేయాలని ఒక గిన్నెలో పోసి మూత పెట్టాను.

214వ రోజు

పొద్దున గిన్నె మూత తీసి లెక్క మొదలుపెట్టాను. పది దాకా వచ్చేసరికి గేటు నుంచి పిలుపు. 217న తనిఖీకి హుస్సేన్ బాషా వస్తాడని చెప్పారు. మాట్లాడి వచ్చేసరికి ఆరు నిమిషాలు. గిన్నెలో 29.

పద్నాలుగు పురుగులు తప్పించుకున్నాయి! మోకాళ్ళ మీద వంగి నేల వెతికాను. బల్ల కింద వెతికాను. తలెత్తితే గిన్నె అంచు మీద తల్లి పిచ్చుక. ముక్కులో మూడు పురుగులు అడ్డంగా, మీసంలాగా. నన్నొకసారి చూసి గూట్లోకి పోయింది. లోపల మూడు గొంతులు ఒక్కసారి లేచాయి. రెండేళ్ళలో ఆ గూట్లోంచి అలాంటి చప్పుడు నేను వినలేదు.

నేల మీదే కూర్చున్నాను.

మేము పుట్టేనాటికే మా ఊళ్ళో పిచ్చుకలు లేవు. మాకు తెలిసిన పిచ్చుక బడి గోడ మీది బొమ్మ. బొమ్మలో చూరుకు వరి కుచ్చు, కుచ్చు మీద పిచ్చుక. పక్షిశాఖ పుస్తకంలోనూ అదే బొమ్మ. కుచ్చు కట్టిన మనిషి తను పెట్టింది చూశాడు. చెట్టు మీద, గోడ సందుల్లో పిచ్చుక ఏం వెతుక్కునేదో బొమ్మ గీసినవాడు గీయలేదు. పిచ్చుక ధాన్యాహారి అని ముప్పై ఆరేళ్ళు నల్లబల్ల మీద రాశాను. పెద్దదానికి గింజ. పిల్లకు పురుగు. యంత్రం కింద పుట్టిన ఈ తల్లికి ఎవరు చెప్పారు?

సాయంత్రానికి గిన్నె ఖాళీ. పిల్లలు 13 గ్రాములు.

ఈ రోజు పద్దు పుస్తకంలో పురుగుల్ని 'నష్టం' వరస నుంచి కొట్టేసి 'తిండి' వరసలో రాశాను. కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాను.

216వ రోజు

ఇప్పుడు నా కష్టం తిరగబడింది. చంపడానికి పదిరోజులు పడ్డ పాటు చూస్తే నా మీద నాకే జాలి.

నీరజ సన్న వల తెచ్చి గాలి కంతకు, కిటికీకి రెండు పొరలు బిగించింది. తలుపుకు తడిగుడ్డ. ఒక్క రెక్క కూడా గది దాటకూడదు, నాలుగు వేల మంది తిండి మరిచిపోలేదు. లోపల నూకల డబ్బాను, ఐదో డబ్బాను జల్లిస్తే 310 పురుగులు. రోజుకు 120 పోతున్నాయి. నానబెట్టిన కొర్రలు కూడా తల్లి కొంచెం కొంచెం తీసుకెళ్తోంది, కాని ముందు పురుగే.

చలిపెట్టెలోని ఒకటో డబ్బా తీసి చచ్చిన పురుగుల్ని పళ్ళెంలో పోశాను. కదలని పురుగును తల్లి ముట్టలేదు. తండ్రి ఒకసారి ముక్కుతో పొడిచి వదిలేశాడు. నా చేతులతో చంపినవి అవి, పట్టుబట్టి, నాలుగేసి రోజుల లెక్కన.

పిల్లలు 27 గ్రాములు. రేపు రాత్రికి పురుగులు 70 మిగులుతాయి. ఎల్లుండి మధ్యాహ్నం తర్వాత ఏమీ ఉండదు.

పుల్లమ్మను అడిగాను. "కళ్ళంలో అడుగు చెత్త, తవుడు, పాత కంకులు ఉండాయి, చూసినా. లుకలుకమంటాండాయి వదినా. డబ్బాకెత్తి గేటు కాడికి తెస్తా. వేడిగదిలో పెట్టకుండ లోపలికి ఎట్ల పంపిస్తారు?"

ఈసారి సంచి దాచి తీసుకురాను. బాషా సంతకం కావాలి.

217వ రోజు

హుస్సేన్ బాషా పదిన్నరకు వచ్చాడు. నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్లవాడు, ఇప్పుడు నలభై, గడ్డం నెరిసింది. బూట్లు గీత అవతలే విడిచాడు.

"బాషా, కూర్చో. ముందు నేను చెప్తాను, తర్వాత నువ్వు అడుగు," అన్నాను. 141 నుంచి మొదలుపెట్టి అంతా చదివి వినిపించాను. కాపలావాడి నమస్కారం కూడా. నీరజ గోడకు ఆనుకుని నిలబడింది.

అతను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. "పదమూడు రోజులు దాచారు మేడమ్. మీరు."

"అవును. శిక్ష ఏముందో అది నాకు రాయి. గదిని మాత్రం వేడి చేయకు."

"పదిహేడో నిబంధన మీరే రాశారు."

"నాలుగోది కూడా నేనే రాశాను. గూట్లో పిల్లలున్నంత కాలం వాటి తిండిని ఎవరూ తరలించరాదు. పురుగులు ఇప్పుడు తిండి వరసలో ఉన్నాయి. పద్దు చూడు."

పద్దు చూశాడు. కొట్టివేత మీద వేలు పెట్టాడు. లేచి గూటి దగ్గరికి వెళ్ళాడు, దూరంగానే, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో నిలబెట్టినట్టు. తల్లి వచ్చింది. ముక్కులో పురుగుంది. గూట్లో మూడు నోళ్ళు తెరుచుకున్నాయి, లోపల పసుపు.

బాషా చిన్నగా నవ్వాడు. "మేడమ్, మీకు గుర్తుందా? పిచ్చుక ఆహారం ఏమి అని పరీక్షలో అడిగారు. నేను, పిల్లలకు పురుగులు పెడుతుంది అని రాశాను. మా దాదీ, అదే మా జేజి, చెప్పింది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ గోడ సందులో గూడుండేదట. తల్లి పచ్చపురుగులు తెచ్చేదట, రోజంతా."

"నేనేం చేశాను?"

"మార్కు కొట్టేశారు. పక్కన ఎర్రసిరాతో, 'వినికిడి శాస్త్రం కాదు' అని రాశారు. దాదీకి చూపిస్తే, మీ టీచరమ్మ మంచిదే గాని పిచ్చుకను చూడలేదు బేటా, అంది."

నీరజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేపు మధ్యాహ్నం దాటితే తిండి లేదు బాషా. పుల్లమ్మ గేటు దగ్గర డబ్బాతో ఉంది. వేడిగది దాటించాలంటే నీ సంతకం కావాలి. తప్పయితే నీ ఉద్యోగం పోతుంది, అది నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను."

కాగితం తీశాడు. వెంటనే రాయలేదు. ముందు లేచి వల పొరలు రెండూ వేలితో నొక్కి చూశాడు. తలుపు గుడ్డ తడిసి ఉందో లేదో చూశాడు. డబ్బాకు రెండు మూతలు, రోజూ ఉదయం సాయంత్రం లెక్క, ఒక్కటి తగ్గినా కబురు, అని షరతులు చదివాడు. అప్పుడు సంతకం పెట్టాడు. నా పేరు మీద మందలింపు కూడా రాశాడు. వర్ణక్రమం తప్పు లేకుండా రాశాడని సంతోషించాను.

డబ్బా తనే మోసుకొచ్చాడు. దాని మీద పుల్లమ్మ బొగ్గుతో రాసింది: 'కొట్టొద్దు.'

222వ రోజు

పిల్లలు 66 గ్రాములు. ఐదో రోజు ఎప్పుడో దాటింది. దాటిన ఉదయం నేను త్రాసు ముందు నిలబడి మూడుసార్లు చదివాను. నీరజ నాలుగోసారి చదివింది.

ఈకల మొదళ్ళు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. ఇప్పుడు గింజలు కూడా మింగుతున్నాయి. రెక్కల పురుగులు డబ్బాలో మళ్ళీ గుడ్లు పెడుతున్నాయి. మిగిలిన పద్దెనిమిది ఇళ్ళకు ఒక్కో సీసా పురుగులు వేరు చేస్తున్నాను, బాషా పైకి రాసిన ఉత్తరానికి జవాబు వచ్చే లోగా సిద్ధంగా ఉండాలని. ప్రతి సీసాకు కొత్త రబ్బరు చుట్టు.

నిన్న ఒక రెక్కల పురుగు నా చీర అంచు మీద వాలింది. సీసా పెట్టి పట్టాను. రెక్క నలగకుండా మూత మెల్లగా జరిపాను.

229వ రోజు

ఉదయం తొమ్మిది దాటాక పెద్దది గూటి అంచు మీదికి వచ్చింది. చాలాసేపు ఆలోచించింది. తర్వాత రాలినట్టు ఎగిరి, కిటికీ చట్రానికి వేలాడుతున్న ఖాళీ కుచ్చును పట్టుకుంది. కుచ్చు ఊగింది. పట్టు వదల్లేదు. పదకొండు గంటల లోపు మిగిలిన రెండూ ఎగిరాయి. త్రాసు మీద ఇప్పుడు గూడు బరువు మాత్రమే ఉంది.

పుల్లమ్మకు తెరలో చూపించాను. ఈసారి ఆమె అరవలేదు. కళ్ళు తుడుచుకుని, "నా కుచ్చు మీదనే వాలె సూడు," అంది.

"నీ కుచ్చు మీదే, వదినా."

శాఖ నుంచి జవాబు వచ్చింది. పద్దెనిమిది సీసాలూ పంపమన్నారు.

సాయంత్రం పద్దు ముగించాను. పిచ్చుకలు: 2 కొట్టేసి, 5 రాశాను. 141వ రోజు పేజీకి వెళ్ళి, ఖాళీగా వదిలిన చోట, వరి కుచ్చు ఒకటి, ధాన్యం, ఇచ్చినవారు పుల్లమ్మ అని ఎక్కించాను.

తర్వాత పెట్టె అడుగు నుంచి బడి మార్కుల పుస్తకాలు తీశాను. ఒక్కటీ పారేయలేదు. నాలుగో ఏడు, ఏడో తరగతి, జీవశాస్త్రం. పద్దెనిమిదో వరస. ఎర్రసిరా దొరకలేదు, నీలంతో రాశాను.

షేక్ హుస్సేన్ బాషా. ఒక మార్కు కలపడమైనది. మొత్తం 25కి 25.

పక్కన పొట్టి సంతకం పెట్టాను. రేపు తనకు చూపిస్తాను. వాళ్ళ దాదీ పేరు కూడా అడిగి రాసుకోవాలి.